మీటరక్క పారబోసిన పాలు

మీటరక్కకు మొదట్లో ఆవులంటే చచ్చేంత భయం. ఈ మాట ఇప్పుడు ఆ వీధిలో ఎవరితో అన్నా మొహం మీదే నవ్వుతారు గానీ, పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆవు తల తిప్పి చూస్తే చాలు, చేతిలో చెంబు అక్కడే వదిలేసి వంటింట్లోకి పరుగు తీసేది. పుట్టింటివాళ్ళది బట్టల కొట్టు. కొమ్ములూ తోకలూ ఉన్నవాటితో ఆమెకు ఎప్పుడూ పని పడలేదు. పాలు గిన్నెలో ఉంటాయని, కాచుకుని తాగుతారని తెలుసు, అంతే.

అత్తగారు అందుకు పూర్తిగా ఎదురు. ఆవిడ ఆవుల మధ్యే పుట్టి, ఆవుల మధ్యే పెరిగి, ఆవులున్న ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి. ముక్కు మీద కోపం. గొంతు విప్పిందంటే వీధి మలుపు దాకా వినబడుతుంది. కోడలు పొదుగు దగ్గర కూర్చుని వణుకుతుంటే, "దానికి నువ్వంటే భయం లేదు గదా, నీకెందుకే దానంటే?" అని అరిచేది. ఆ అరుపుకి ఆవు కూడా ఉలిక్కిపడేది. పాపం, అత్తగారి నోటికి జడిసి జడిసి కోడలూ ఆవూ ఒక జట్టయిపోయారు. అలా భయం పోయింది. పితకడం వచ్చింది. కొన్నాళ్ళకి పెద్దావిడ చేతి కన్నా కోడలి చెయ్యి తగిలితేనే ఎర్రావు తొందరగా చేపి పాలు వదిలేది. అది చూసి అత్తగారు మెచ్చుకోలేదు సరికదా, "దానికీ మర్యాద తెలియకుండా పోయింది" అని ఆవుని తిట్టింది.

మొగుడు నెమ్మదస్తుడు. ఎంత పెద్ద కష్టమొచ్చినా ఒక హాస్యమాడి పక్కకు తప్పుకునే రకం. తెల్లవారగానే మోపెడ్‌కి రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని దూరపు వీధులకి పోసి వచ్చేవాడు. దగ్గరివాళ్ళు ఇంటికే వచ్చేవాళ్ళు. ముందు గది కిటికీ వీధిలోకి తెరుచుకుంటుంది. ఆ కిటికీ రెక్కలు తీసి, గట్టు మీద క్యాను పెట్టి కోడలు కొలిచి పోసేది. వెనకాల సిమెంటు నేల, రేకుల కప్పు, పక్కన మురుగు పోవడానికి సన్నటి కాలువ. అదే ఆవుల కొట్టం. నాలుగు ఆవులు, ఒక దూడ. అత్తగారు రోజుకి రెండుసార్లు ఆ నేల కడిగించేది. ఎవరైనా చుట్టాలొస్తే ముందుగది చూపించకపోయినా కొట్టం మాత్రం చూపించి పంపేది.

అన్నీ బాగానే సాగుతుండగా ఊరి చివర గోదాము సంగతి బయటపడింది. ఎవరో తాళం బద్దలు కొట్టి చూస్తే లోపల పెద్ద పెద్ద డ్రమ్ములు. డ్రమ్ముల పక్కన సబ్బు పొడి సంచులు, నూనె డబ్బాలు, పిండి మూటలు. వాటన్నిటినీ కలిపి గిలకొట్టి, తెల్లగా నురగలు కక్కే పదార్థం ఒకటి తయారు చేసి, పాలని చెప్పి ఊరంతా అమ్ముతున్నారు. టీవీలో రోజంతా అదే చూపించారు. ఒక ముసలాయన కెమెరా ముందు గ్లాసు పట్టుకుని, "నేనింతకాలం తాగింది ఇదా?" అని అడిగిన తీరు చూసి చాలామంది చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

ఆ దొంగలు పట్టుబడ్డారు, బాగానే ఉంది. కానీ వాళ్ళతో పాటు ఊళ్ళో పాలు పోసే ప్రతివాడూ దొంగే అయిపోయాడు. ఇదెక్కడి న్యాయమో చెప్పండి. మనిషి ఒకసారి మోసపోయాక ఎదటివాడు మంచివాడా చెడ్డవాడా అని విడదీసి చూసే ఓపిక ఎక్కడుంటుంది? ఎదురింటి కింద మిషను పెట్టుకున్న దర్జీ అందరికన్నా ముందు గొంతు పెంచాడు. "ఎవరి క్యానులో ఏముందో ఎవడు చూడొచ్చాడు? మా ఇంట్లో పాలు బంద్!" అని మిషను తొక్కుతూనే ప్రకటించాడు. అతని దగ్గరికి బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళందరికీ రవికతో పాటు ఆ మాట కూడా కుట్టి పంపాడు.

జనం రావడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. మోపెడ్ మీద వెళ్ళిన క్యాన్లు నిండుగానే తిరిగొచ్చేవి. మిగిలిన పాలు తోడు పెట్టారు, వెన్న తీశారు, దూడకి తాగినన్ని తాగించారు. అది తాగి తాగి గుండ్రంగా తయారై కొట్టంలో దర్జాగా పడుకునేది. ఆ ఇంట్లో ఆ రోజుల్లో సుఖపడింది అదొక్కటే.

ఒక సాయంత్రం మొగుడు చెప్పులు విప్పుతూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "ఆవుల బేరగాడితో మాట్లాడాను. ఆదివారం వస్తానన్నాడు. ఈలోగా జనం తిరిగొస్తే సరే. రాకపోతే నాలుగింటినీ తోలుకుపోతాడు."

మొదటిసారిగా అతను హాస్యమాడలేదు. నోరు విప్పితే వీధి మలుపు దాకా వినబడే అత్తగారు కిమ్మనకుండా లేచి కొట్టంలోకి వెళ్ళి, ఎర్రావు మెడ మీద చెయ్యేసి నిలబడింది. కోడలు గుమ్మంలోంచి చూసింది. ఆవిడ వీపు కదులుతోంది. ఏడుస్తోందని అర్థమై, దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలక వెనక్కి వచ్చేసింది.

మర్నాడు కిటికీ తీసి కూర్చుంటే, పక్క సందులో కాపురముండే చిన్నమ్మాయి తన కూతురిని ఎత్తుకుని అటుగా పోతోంది. ఆ పసిదానికి నడక వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఈ ఇంటి పాలు మానేసిన దగ్గర్నుంచీ తల్లి మొహం చాటేసి తిరుగుతోంది. పసిదానికి ఇవేం తెలుసు? కిటికీలో క్యాను చూడగానే రెండు చేతులూ చాపి "పాలూ! పా!" అని కేరింతలు కొట్టింది. తల్లి గబగబా నడుస్తూ, "వద్దమ్మా, అవి మంచివి కావు" అంది. కావాలని అనలేదు. బిడ్డని ఊరుకోబెట్టడానికి నోటికొచ్చిన మాట అది. కానీ ఆ మాట కిటికీలో ఉన్న మనిషికి సూటిగా వచ్చి తగిలింది.

ఆమెకు కోపమొచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు. ఎవరి మీదో ఆమెకే తెలియదు. కిటికీ మూసి, చెప్పులేసుకుని, బస్సెక్కి బజారుకు పోయింది. బడిపిల్లల సైన్సు సామాను అమ్మే కొట్లో ఒక లాక్టోమీటరు, పొడుగాటి గాజు గొట్టం కొనుక్కుని, వాటిని చంటిబిడ్డలా గుండెకి హత్తుకుని ఇంటికొచ్చింది.

"ఏమిటే అది? జ్వరం చూసేదా?" అంది అత్తగారు.

"పాలకి చూసేది అత్తయ్యా. ఈ గాజు గొట్టం నిండా పాలు పోసి ఇది వదిలితే తేలుతుంది. మంచి పాలైతే ఇదిగో, ఈ ఎర్ర గీత దగ్గర నిలబడుతుంది. నీళ్ళు కలిస్తే కిందికి దిగిపోతుంది."

"నా పాలు మంచివో కాదో గాజుపుల్ల చెప్పాలా?" అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మనకి అక్కర్లేదు. వాళ్ళకి కావాలి."

ఆ మర్నాడు కిటికీ ముందు, వీధిలోనే, ఒక బల్ల వెలిసింది. బల్ల మీద గాజు గొట్టం, మీటరు. గోడకి ఒక అట్టముక్క. దాని మీద పెద్ద అక్షరాలతో, "ముందు చూడండి. తర్వాతే కొనండి" అని రాసి ఉంది. ఊరకే చూడ్డానికి డబ్బులివ్వక్కర్లేదు గనక జనం బాగానే పోగయ్యారు. దర్జీ మిషను ఆపి మరీ వచ్చాడు. ఆమె పాలు పోసి మీటరు వదిలింది. అది కాసేపు ఊగి ఎర్ర గీత దగ్గర బుద్ధిగా నిలబడింది.

గుంపులోంచి లెక్కల మాస్టారు ముందుకొచ్చాడు. బళ్ళో పని మానేసి ఏళ్ళయినా మనుషులని బోర్డు ముందు నిలబెట్టినట్టు చూసే అలవాటు పోలేదు ఆయనకి. "అమ్మాయ్, నీళ్ళు పోసి కాస్త చక్కెర కలిపితే మీటరు మళ్ళీ పైకొస్తుంది. పిండి కలిపినా అంతే. ఇదొక్కటే చాలదు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు "అదీ మాట!" అన్నారు. ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవాళ్ళే. ఈమె మాత్రం, "అయితే ఇంకేం చెయ్యాలి మాస్టారూ? చెప్పండి, అదీ చేస్తాను" అంది.

మాస్టారికి ఆ జవాబు నచ్చింది. ఇంటికెళ్ళి అయోడిను సీసా పట్టుకొచ్చాడు. కాచి చల్లార్చిన పాలలో ఒక చుక్క వేస్తే, పిండి ఉన్నట్టయితే నీలం రంగు తిరుగుతుందని చెప్పి, వేసి చూపించాడు. నీలం రాలేదు. చిన్న సీసాలో పాలూ నీళ్ళూ పోసి బాగా గిలకొట్టించాడు, సబ్బు ఉంటే నురగ పొంగి అలాగే నిలబడిపోతుందని. అదీ నిలబడలేదు. "తీపి ఉందేమో నాలిక మీద వేసుకుని చూస్తాను" అని అర గ్లాసు తాగేశాడు. అది పరీక్షా, లేక చాలా రోజుల తర్వాత పాలు తాగాలన్న కోరికా అన్నది ఆయనకే తెలియాలి. "రేపట్నుంచి మీరే వచ్చి చుక్క వెయ్యండి" అని ఆమె కుర్చీ తెచ్చి వేసింది. మాస్టారు అందులో కూర్చున్న తీరు చూస్తే ఆయనకి మళ్ళీ ఉద్యోగం వచ్చిందనుకోవాలి.

"ఏం మీటరక్కా, నీ గాజుపుల్ల సాక్ష్యం చెప్పిందా?" అని దర్జీ వేళాకోళం చేశాడు. ఆ పేరే స్థిరపడింది. అంతకు ముందు ఆమెని ఏమని పిలిచేవారో ఇప్పుడు ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఆ రోజు ఇద్దరు ముగ్గురు పాలు పట్టుకెళ్ళారు. మర్నాడు ఇంకొంతమంది. ఇంట్లో కాస్త ఊపిరాడింది. కానీ కొత్త చిక్కొకటి వచ్చి పడింది. అసలే ఎండలు మండిపోతున్నాయి. బల్ల దగ్గర ప్రతివాడికీ ఒక సందేహం. ఒకడికి మీటరు మళ్ళీ వదిలి చూపించాలి, ఇంకొకడికి చుక్క మళ్ళీ వెయ్యాలి. ఈ ముచ్చట్లు తెమిలేసరికి పొద్దెక్కి, క్యాను ఎండలో కాగిపోయేది. శుక్రవారం నాడు పట్టుకెళ్ళిన పాలు రెండిళ్ళల్లో పొయ్యి మీద పెట్టగానే విరిగిపోయాయి. ఇంకేం కావాలి? "మందేదో కలిపి ఉంటారు, మీటరుకి దొరకని మందు" అని దర్జీ మిషను దగ్గర కొత్త కథ మొదలైంది.

విరిగాయన్న కబురు వినగానే అత్తగారు కూర్చున్న పీట మీంచి లేవలేదు. "నా చేతి పాలు విరిగాయా? ఈ ఇంటి పాలు విరిగాయా?" అని తనలో తనే అడుక్కుంది. ఆవిడ జన్మలో అంత మాట పడలేదు.

శనివారం వచ్చింది. తెల్లారితే ఆదివారం, బేరగాడు వస్తాడు. తేలినా మునిగినా ఆ పొద్దునే. మీటరక్క బల్ల తుడిచి, గాజు గొట్టం వేడినీళ్ళతో కడిగి బోర్లించింది. మొగుడు లోపల్నుంచి క్యాను తెచ్చి గట్టు మీద పెట్టాడు. మాస్టారు కుర్చీలో సర్దుకున్నాడు. ఆ రోజు మామూలు కన్నా ఎక్కువమంది వచ్చారు. విరిగిన పాల సంగతి విని తమాషా చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళందరి వెనక, చంకలో పసిదాన్ని, చేతిలో గిన్నెని పట్టుకుని పక్క సందు చిన్నమ్మాయి నిలబడి ఉంది. ఇన్నాళ్ళకి గిన్నెతో వచ్చింది.

"ముందుకి రా చెల్లీ. మొదట నీకే" అంది.

గాజు గొట్టం నిండా పాలు పోసింది. మీటరు వదిలింది. అది ఊగింది. ఊగి, ఎర్ర గీత దాటి, కిందికి దిగి, అక్కడ నిలబడింది.

ఆమె తీసి, తుడిచి, మళ్ళీ వదిలింది. మళ్ళీ అక్కడికే దిగింది. జనం మెడలు చాచి ముందుకొచ్చారు. దర్జీ అందరినీ తోసుకుని గొట్టం పక్కకే వచ్చేశాడు. తన చేత్తో పితికిన పాలు. వీటిల్లోకి నీళ్ళెలా వచ్చాయి?

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన మంచివాడు, ఆమె మొహం చూసి జాలిపడ్డాడు. "కంగారు పడకమ్మాయ్. పితికిన పాలు వేడిగా ఉన్నప్పుడు మీటరు కాస్త దిగుతుంది. అది మామూలే. చల్లారనిచ్చి చూద్దాం" అన్నాడు.

గుంపు ఊపిరి వదిలింది. "ఓ, వేడి పాలా!" అన్నారు ఎవరో. "అదీ సంగతి" అన్నారు ఇంకెవరో. మొగుడు కిటికీలోంచి ఆమె వైపే చూస్తూ తలాడించాడు. ఔనను, ఔనంటే చాలు అన్నట్టు. నిజమే, ఒక్క ముక్క అంటే చాలు. కాసేపు ఆగినట్టు ఆగి, కొట్టంలోకెళ్ళి వేరే క్యానులోవి తెచ్చి పోస్తే ఎవరికి తెలుస్తుంది? ఆదివారం గట్టెక్కుతుంది. ఆవులు నిలుస్తాయి. అత్తగారి పరువు నిలుస్తుంది.

మీటరక్క క్యాను మీద చెయ్యి వేసింది. క్యాను చల్లగా ఉంది. మామూలు చల్లదనం కాదు, బయటంతా చెమట పట్టి అరచేతికి తడి అంటుకునేంత చల్లగా ఉంది. ఆమె తలెత్తి చూసింది. చిన్నమ్మాయి గిన్నె ముందుకి చాపి పట్టుకుని ఉంది. పసిది గాజు గొట్టం కేసి వేలు చూపిస్తూ నవ్వుతోంది.

"పాలు వేడిగా లేవు మాస్టారూ" అంది మీటరక్క. "చల్లగా ఉన్నాయి. వీటిల్లో నీళ్ళు కలిశాయి. ఎలా కలిశాయో నాకు తెలియదు. ఈ పాలు నేను ఎవరికీ పొయ్యను."

గుంపులో కలకలం రేగింది. "చూశారా, నేను చెప్పలా!" అని దర్జీ చేతులు ఎగరేశాడు. ఎవరో ఈలేశారు. మొగుడు కిటికీ గట్టు మీద తల వాల్చేశాడు. అంతలో తలుపు తెరుచుకుని అత్తగారు బయటికి వచ్చింది. కొంగు తడిగా ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"దాన్నేమీ అనకండి. నేను వేశాను" అంది.

"ఏం వేశారు పెద్దమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఐసు. నిన్న విరిగాయని నానా మాటలన్నారు గదా? అందుకని తెల్లవారుజామునే ఐసు బండివాడి దగ్గర గడ్డ కొని, పగలగొట్టి క్యానులో వేశాను. మా అత్తగారు కూడా ఎండాకాలం ఇలాగే వేసేది. నీళ్ళు మాత్రం పొయ్యలేదు. నా బిడ్డ మీద ఒట్టు, ఒక్క చుక్క నీళ్ళు పొయ్యలేదు."

"ఐసు కరిగితే నీళ్ళే గదా పెద్దమ్మా" అన్నాడు మాస్టారు మెల్లగా.

అత్తగారు ఆయన్ని తేరిపార చూసింది. ఆవిడకి నిజంగానే ఆ ఆలోచన ఎన్నడూ రాలేదు. నీళ్ళు కలపడం దొంగపని, ఐసు వెయ్యడం జాగ్రత్తపని. ఈ రెండిటికీ చుట్టరికం ఉందని ఆవిడకెవరు చెప్పారు? కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పైగా ఆ ఐసు చేపల బుట్టల్లోకి వేసేది. ఎక్కడి నీళ్ళతో గడ్డ కట్టించారో ఎవరికి తెలుసు?" అన్నారు వెనక నుంచి ఎవరో.

మీటరక్క క్యాను రెండు చేతులా ఎత్తుకుని కొట్టం పక్క కాలువ దగ్గరికి నడిచింది. జనం కూడా వెంట వెళ్ళారు. అందరూ చూస్తుండగా వంచేసింది. పాలు తెల్లగా కాలువ నిండా పారాయి. పాలు పారబోస్తుంటే చూడలేక ఇద్దరు ఆడవాళ్ళు "అయ్యో, అయ్యో" అన్నారు. దర్జీ కూడా "అంతా పొయ్యాలా అక్కా?" అని గొణిగాడు. ఖాళీ క్యాను బోర్లించి, "విరిగిన పాలు పట్టుకెళ్ళినవాళ్ళు కూడా వినండి. అది ఎండ వల్ల. నేను బల్ల దగ్గర ఆలస్యం చేశాను. తప్పు నాదే" అని చెప్పి లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పుడు ఏడ్చింది. కరువుదీరా ఏడ్చింది. అయిపోయిందనుకుంది.

ఆ రోజు అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సాయంత్రం పాలు మాత్రం ఇద్దరూ కలిసే పితికారు. ఆవులకి ఇవన్నీ పట్టవు గదా.

ఆదివారం తెల్లారింది. కొట్టంలో ఏదో ఈడుస్తున్న చప్పుడు విని మీటరక్క వెళ్ళి చూస్తే, అత్తగారు పాత ఇత్తడి గంగాళాన్ని ఒంటరిగా వీధిలోకి ఈడ్చుకుపోతోంది. కిటికీ కింద పెట్టి దాని నిండా ఐసు నింపింది. మధ్యలో క్యాను దింపింది. క్యాను మూత బిగించి, దాని మీద తడిగుడ్డ కప్పింది.

"ఐసు బయట, పాలు లోపల" అంది కోడలి వైపు చూడకుండానే. "ఇలాగైతే నీ గాజుపుల్లకి అభ్యంతరం లేదుగా?"

"లేదత్తయ్యా."

కిటికీ రెక్కలు తీశారు. వీధిలో ఎవరూ లేరు. మీటరక్క మీటరు తుడుస్తూ కూర్చుంది, తుడిచిందే తుడుస్తూ. ముందుగా మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన చేతిలో అయోడిను సీసాతో పాటు ఈసారి ఒక స్టీలు గిన్నె కూడా ఉంది. తర్వాత పక్క సందు మలుపులో అడుగుల చప్పుడైంది. చిన్నమ్మాయి, చంకలో పసిది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు. వాళ్ళ వెనక పై వీధివాళ్ళు, మునుపెన్నడూ ఈ కిటికీ మొహం చూడనివాళ్ళు. నిన్న కాలువలో పారిన పాల కబురు ఎన్ని వీధులు దాటిందో గానీ, చూస్తుండగానే వరస మలుపు తిరిగింది.

మీటరక్క గాజు గొట్టంలో పాలు పోసి మీటరు వదిలింది. ఎర్ర గీత. సరిగ్గా ఎర్ర గీత. "చూడు చెల్లీ" అంది.

చిన్నమ్మాయి చూడలేదు. "పొయ్యక్కా" అని గిన్నె పెట్టింది. "బాగాలేకపోతే నువ్వే చెప్తావుగా."

ఆ మాటకి మీటరక్క కళ్ళకి మసకలు కమ్మాయి. కొలత తప్పి నాలుగు చుక్కలు బల్ల మీద పడ్డాయి. ఆమెకి అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. పాలు కాచేదాకా ఆగే ఓపిక లేక పసిది గిన్నెలో వేలు ముంచి చప్పరించింది. తల్లి కేకలేసి వేలు తుడిచింది, నవ్వుతూనే.

అత్తగారు ఊరుకుంటుందా? గంగాళం పక్కన నిలబడి పెత్తనం మొదలుపెట్టింది. "తోసుకోకండి! ముందు చూడాలి, తర్వాతే గిన్నె! ఏమయ్యా, నువ్వు చూడకుండా పోతున్నావేం? వెనక్కి రా, మీటరు చూసి పో!" నిన్నటిదాకా గాజుపుల్ల అని ఈసడించిన మనిషి, ఇప్పుడు చూడనివాళ్ళని రెక్క పట్టుకుని మరీ చూపిస్తోంది.

వరస సగం కరిగేసరికి ఆవుల బేరగాడు దిగాడు. చేతిలో తాళ్ళు, వెంట వ్యాను. ఇంత జనాన్ని చూసి, ఆవుల కోసం పోటీకి వచ్చారనుకున్నట్టున్నాడు, మోచేతులతో తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఏమండీ, నాతో మాట అయిపోయింది గదా! వీళ్ళంతా ఎవరు?" అని మొగుడిని నిలదీశాడు.

మొగుడు నోరు విప్పేలోపు అత్తగారు అందుకుంది. "పాలకొచ్చినవాళ్ళు నాయనా. నీకూ కావాలంటే గిన్నె తెచ్చుకుని వెనక నిలబడు. ఆవుల కోసమైతే తాళ్ళు చుట్టుకుని ఇంటికి పో!"

వీధంతా గొల్లుమంది. బేరగాడు ముందు మొహం మాడ్చుకున్నాడు గానీ, కాసేపు ఆ తతంగమంతా చూసి, వ్యానులోంచి మంచినీళ్ళ సీసా తెచ్చి, ఆ నీళ్ళు పారబోసుకుని వరసలో నిలబడ్డాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే క్యాన్లన్నీ ఖాళీ అయ్యాయి. మోపెడ్ ఆ రోజు కదలనే లేదు. బల్ల తుడిచి లోపల పెడుతుంటే దర్జీ వచ్చాడు, చేతిసంచిలో గిన్నె దాచుకుని, అటూ ఇటూ చూస్తూ. "అక్కా, కాస్త ఏమైనా ఉన్నాయా? పిల్లలు గోల పెడుతున్నారు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అయిపోయాయి!" అని అరిచింది అత్తగారు. ఆ మాట అనడంలో ఎంత సుఖముందో ఆవిడ గొంతులోనే తెలిసింది. అందుకే మళ్ళీ అంది. "ఒక్క చుక్క లేదు! అన్నీ అయిపోయాయి!"

మీటరక్క దర్జీని పోనివ్వలేదు. వంటింట్లోకెళ్ళి, ఇంటి కోసం తీసి ఉంచిన పాలు తెచ్చి, బల్ల మళ్ళీ బయట పెట్టి, గాజు గొట్టంలో పోసి మీటరు వదిలింది. ఎర్ర గీత చూపించి, ఆ పాలన్నీ అతని గిన్నెలో పోసింది. దర్జీ గిన్నె రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా, మిషను సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చూసుకున్నంత శ్రద్ధగా చూసుకుంటూ రోడ్డు దాటాడు.

అంచేత ఆ రోజు పాలవాళ్ళింట్లో పాలు లేవు. ముగ్గురూ వెనక గుమ్మంలో కూర్చుని నల్లటి టీ తాగారు. అత్తగారు రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టింది.

"నిన్న మాస్టారు వేడి పాలన్నప్పుడు నేను తలుపు వెనకాలే ఉన్నానే" అంది, కోడలి మొహంలోకి నేరుగా చూస్తూ. "ఔనను, ఔనను అని దేవుడికి మొక్కుకున్నా. నేనైతే ఔననేదాన్ని. నువ్వు అనలేదు."

మీటరక్క తల దించుకుంది. అత్తగారు చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టి, అలాగే ఉంచింది.

"ఔనని ఉంటే," అన్నాడు మొగుడు, గ్లాసులోకి తొంగిచూస్తూ, "ఈ టీలో పోసుకోడానికి మనకి నాలుగు క్యాన్ల పాలు మిగిలుండేవి."

ముందు అత్తగారు నవ్వింది. ఆవిడ నవ్వుకి ఎర్రావు తల తిప్పి చూసింది. తర్వాత మీటరక్క, తర్వాత అతను. నవ్వీ నవ్వీ ముగ్గురికీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, టీ చల్లారిపోయింది, అయినా ఎవరూ లేవలేదు.